కట్టని బిల్డింగ్‌కి నెలనెలా అద్దె ఇస్తామంటే డబ్బు కట్టకండి

హైదరాబాద్ చుట్టుపక్కల కమర్షియల్ స్పేస్ కొనండి, రిజిస్ట్రేషన్ తర్వాత చేస్తాం, అద్దె మాత్రం వచ్చే నెల నుంచే ఇస్తాం అని మీకెవరైనా ఫోన్ చేసి ఉంటే దయచేసి ఇది పూర్తిగా చదివాకే మాట ఇవ్వండి. ఇంట్లో ఈ మధ్య రిటైరైనవాళ్లు ఉంటే వాళ్లకు చదివి వినిపించండి. ఇలాంటి కంపెనీలు ముందు వెతికేది గ్రాట్యుటీ, జీపీఎఫ్ డబ్బు చేతికొచ్చినవాళ్లనే.

మా బాబాయి నల్గొండ జిల్లాలో హైస్కూల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో 20 లక్షలు శంషాబాద్ వైపు కట్టబోతున్నామన్న ఒక మాల్‌లో స్పేస్ కోసం కట్టారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు విచారణలో ఉంది. అయినా పేరు కన్నా వాళ్లు అమ్మే పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం. ఇదే పద్ధతిలో వేరే వేరే బోర్డులు పెట్టి ఇప్పటికీ అమ్ముతున్నారు.

ఆఫర్ వినడానికి చాలా బాగుంటుంది. 20 లక్షలు కడితే బిల్డింగ్ పూర్తయ్యేదాకా నెలకు 30 వేలు అద్దె. మూడేళ్ల తర్వాత స్పేస్ వద్దనుకుంటే 30 లక్షలకు కంపెనీయే బై బ్యాక్ చేస్తుంది. హామీగా ముందు తేదీలు వేసిన చెక్కులు. ఈ సంగతి మోసుకొచ్చింది బయటివాడు కూడా కాదు, బాబాయి దగ్గర పదో తరగతి చదువుకున్న కుర్రాడు. "మాస్టారూ, మీ దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, మీకు నష్టం వచ్చే పని చెప్తానా? మా అమ్మావాళ్ల డబ్బు కూడా ఇందులోనే పెట్టించాను" అన్నాడు. వాళ్లమ్మ డబ్బు నిజంగానే ఉంది, అది కూడా పోయింది. ఏజెంట్లలో చాలామంది తాము అమ్మేదాన్ని నమ్మినవాళ్లే. అందుకే మనకు అనుమానం రాదు. మనిషి మంచివాడని స్కీమ్ మంచిదనుకోకండి.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. నెలకు 30 వేలంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు, అంటే 18 శాతం. హైదరాబాద్‌లో ఇల్లు కొని అద్దెకిస్తే పెట్టిన ధర మీద ఏడాదికి 3 శాతం దగ్గర్లో వస్తుంది. పూర్తిగా కట్టి, పెద్ద కంపెనీ అద్దెకు దిగిన ఆఫీసు బిల్డింగ్‌కు కూడా 7, 8 శాతం వస్తే చాలా మంచి రాబడి కింద లెక్క. అలాంటప్పుడు గోడ కూడా లేవని చోట 18 శాతం అద్దె ఎవరు కడుతున్నారు? అందులో కిరాయిదారే లేడు. మీ తర్వాత చేరినవాళ్ల డబ్బులోంచి, లేదంటే మీ 20 లక్షల్లోంచే తీసి మీకు నెలనెలా పంపిస్తున్నారు. కొత్తవాళ్లు చేరడం తగ్గిన నెల నుంచి అది ఆగిపోతుంది.

ఆగేదాకా మాత్రం ఠంచనుగా వచ్చింది. ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా బ్యాంకు మెసేజ్. టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పోను 27 వేలు. బాబాయి ఆ మెసేజ్‌ను ఇంటికొచ్చినవాళ్లకు చూపించేవారు. అది చూసే ఆయన తోడల్లుడు కూతురి పెళ్లికని దాచిన 10 లక్షలు తెచ్చి కట్టారు. ఏడాది అలా గడిచాక ఐదో తారీఖు కాస్తా పదిహేను, ఇరవై అయింది, తర్వాత సగమే వచ్చింది, తర్వాత ఏమీ రాలేదు. ఇప్పుడు ఆ రెండు కుటుంబాల మధ్య మాటల్లేవు. పండక్కి కూడా ఒకరింటికి ఒకరు వెళ్లడం లేదు. డబ్బు కన్నా నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది. నెలనెలా డబ్బు పడుతోందన్నది స్కీమ్ నిజమని చెప్పే రుజువు కాదు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి పుడుతోందో తెలిసేదాకా దాన్ని ఆదాయం అనుకోకండి.

డబ్బు ఆగాక కాగితాలన్నీ నేను తీసుకుని చూశాను. అగ్రిమెంట్ అని వాళ్లు చెప్పింది 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ ముద్ర వేసిన ఎంఓయూ, అంటే ఉత్త అవగాహన ఒప్పందం. అందులో ఏ అంతస్తు, ఏ షాపు అని లేదు. 'అన్‌డివైడెడ్ షేర్' (విడదీయని వాటా) అని కొన్ని చదరపు అడుగులు రాసి ఊరుకున్నారు. సర్వే నంబర్ ఉంది కదా అని తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో వెతికితే ఆ భూమి ఇంకా వేరేవాళ్ల పట్టాలో, వ్యవసాయ భూమిగానే ఉంది. వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా కన్వర్షన్ కూడా కాలేదు. ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల్లో తేలే విషయం ఇది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫారం 26ఏఎస్‌లో, అంటే మన పేరు మీద పట్టుకున్న పన్ను వివరాలుండే ఆదాయపు పన్ను శాఖ పత్రంలో దొరికింది. దయచేసి ఈ ఒక్క పేరా జాగ్రత్తగా చదవండి. కంపెనీ ప్రతి నెలా 3 వేలు టీడీఎస్ పట్టుకుంది కదా, అది ఏ సెక్షన్ కింద అని చూశాను. అద్దె మీద పట్టుకుంటే 194ఐ అని ఉండాలి. అక్కడ 194ఏ అని ఉంది. 194ఏ అంటే వడ్డీ. మనతో అద్దె అని చెప్పి, వాళ్ల పుస్తకాల్లో మాత్రం దాన్ని వడ్డీగా రాసుకున్నారు. మన 20 లక్షలు వాళ్ల లెక్కలో అప్పు. మాల్‌లో మనకంటూ ఏ భాగమూ లేదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి నంబర్ మీద ఆధారపడకుండా అది వడ్డీయా, అద్దెనా అని మీ ఆడిటర్‌ను అడగండి.

ఇది ఎందుకు అంత ముఖ్యమంటే, అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడాన్ని 2019లో వచ్చిన బడ్స్ చట్టం నిషేధించింది. కానీ ఒప్పందం ప్రకారం స్థలం ధరలో సర్దుబాటయ్యే అడ్వాన్స్ ఆ చట్టం కింద డిపాజిట్ కాదు. ఈ కంపెనీలు సేల్ అగ్రిమెంట్ లాంటి కాగితం రాసిచ్చేది ఆ మినహాయింపు కోసమే. డబ్బు అడిగితే కంపెనీ లాయర్ మాకూ అదే చెప్పాడు, ఇది డిపాజిట్ కాదు, స్పేస్ కొనుగోలు అడ్వాన్స్ అని. అడ్వాన్స్ అయితే దాని మీద నెలనెలా వడ్డీ కట్టి టీడీఎస్ ఎందుకు పట్టుకున్నారన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆ 26ఏఎస్ ప్రింటు మా ఫిర్యాదుకు జతచేశాం.

రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా సంగతి చాలామందికి తెలుసు కానీ సగమే తెలుసు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టినా, ఎనిమిది యూనిట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పు. రిజిస్టర్డ్ సేల్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అంటే 20 లక్షల స్పేస్‌కు 2 లక్షలు. అంతకు మించి అడిగారంటే అక్కడే ఆగిపోండి. ప్రాజెక్టులు అమ్మే ఏజెంట్‌కు కూడా రెరా నంబర్ ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. 'రెరా అప్లై చేశాం, నంబర్ వచ్చాక రేటు పెరుగుతుంది, ఇప్పుడే తీసుకోండి' అంటారు. నంబర్ వచ్చాకే ఎక్కువ పెట్టి కొనండి, నష్టం లేదు.

ఇది మాల్స్‌తో ఆగేది కాదు. అగ్రిగోల్డ్‌లో స్థలాల పేరు చెప్పి 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్లకు పైగా వసూలు చేశారు. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్‌లో బయటపడిన ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ (రావాల్సిన బిల్లుల మీద ముందే డబ్బివ్వడం) కేసులో పెద్ద కంపెనీల బిల్లుల పేరు చెప్పారు. శ్రీగంధం మొక్కలు, మేకల పెంపకం, ఏదో ఒక యాప్, ఎప్పటికప్పుడు చెప్పే వస్తువే మారుతుంది.

మరి మామూలు మనిషికి కూర్చున్నచోట ఆదాయం రాదా అంటే వస్తుంది, కానీ పెట్టిన అసలుకు తగ్గట్టే వస్తుంది. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఒకరి పేరు మీద 9 లక్షలు, జాయింట్‌గా 15 లక్షలు పెట్టొచ్చు. 7.4 శాతం చొప్పున 9 లక్షలకు నెలకు 5,550 రూపాయలు. 60 ఏళ్లు దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 30 లక్షల దాకా పెట్టొచ్చు, 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఖాతా తెరిచేనాటికి రేటెంతో అడిగి తెలుసుకోండి. బాబాయి ఆ 20 లక్షలు ఇందులో పెట్టి ఉంటే నెలకు 13 వేల పైచిలుకు వచ్చేది. 30 వేలు వచ్చేది కాదు నిజమే, కానీ అసలు ఉండేది.

ఆఫీసు బిల్డింగుల అద్దెలోనే వాటా కావాలంటే దానికీ చట్టబద్ధమైన దారి ఉంది, రీట్స్. అద్దె వచ్చే బిల్డింగులు చేతిలో ఉంచుకుని, వాటిలో వాటాను యూనిట్లుగా అమ్మే ట్రస్టులు అవి. మాదాపూర్ మైండ్‌స్పేస్ అలాంటి ఒక రీట్‌లో భాగమే. 2020 నుంచి స్టాక్ మార్కెట్లో ఉంది, కొన్ని వందల రూపాయలకు ఒక యూనిట్ దొరుకుతుంది. పంచడానికి వీలున్న నికర నగదులో కనీసం 90 శాతం పంచాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. యూనిట్ ధర పెరుగుతుంది, తగ్గుతుంది. రిటైరైనవాళ్లు మొత్తం డబ్బు ఇందులో పెట్టాలని నేను చెప్పను. కానీ మాదాపూర్‌లో నిండుగా నడుస్తున్న బిల్డింగులున్న సంస్థే 18 శాతం ఇస్తానని చెప్పడం లేదు. పాసివ్ ఇన్‌కమ్ (కూర్చున్నచోట ఆదాయం) అని ఎవరైనా చెప్పగానే వాళ్లు చెప్పే అంకెను వీటి పక్కన పెట్టి చూడండి. నెలకు 25 వేలు భద్రంగా రావాలంటే 7.4 శాతం లెక్కన 40 లక్షలకు పైగా అసలు ఉండాలి. 15, 20 లక్షలకే వస్తుందన్నవాళ్లు మీకు చెప్పకుండా ఏదో దాస్తున్నారు.

ఇప్పటికే కట్టినవాళ్లకు కొన్ని మాటలు. ఇంకా డబ్బు వస్తోంది కదా అని ఊరుకోకండి. బై బ్యాక్ ఇప్పుడే చేయమని రాతపూర్వకంగా అడగండి, ఇస్తారో లేదో తెలిసిపోతుంది. టాప్ అప్ మాత్రం చేయకండి. చెక్కు మీదున్న తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. 'ఈ నెల వేయకండి మాస్టారూ, వచ్చే నెల క్యాష్ ఇచ్చేస్తాం' అని వాళ్లు బతిమాలేది ఆ గడువు దాటించడానికే. చెక్కు బౌన్సయితే బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లోపు లాయర్ నోటీసు వెళ్లాలి. నోటీసు అందిన 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో సెక్షన్ 138 కింద ఫిర్యాదు వేయాలి. బాబాయి చెక్కుల్లో కొన్ని ఈ మాటలు నమ్మి ఇంట్లోనే చెల్లకుండా పోయాయి.

పోలీసు ఫిర్యాదు హైదరాబాద్‌లో సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్)లో, సైబరాబాద్‌లో ఆర్థిక నేరాల విభాగంలో ఇవ్వొచ్చు. బడ్స్ చట్టంతో పాటు తెలంగాణ డిపాజిటర్ల రక్షణ చట్టం, 1999 కూడా పెట్టమని అడగండి, ఆస్తుల జప్తుకు అది పనికొస్తుంది. రెరాలో వేరుగా ఫిర్యాదు వేయండి. ఒక్కొక్కరుగా కాకుండా నలుగురు కలిసి వెళ్తే బాగా వింటారు.

చివరగా, ఈ మధ్య కంపెనీ నుంచి కొత్త ఫోన్లు మొదలయ్యాయి. మాల్ ఆలస్యమవుతోంది, మీ డబ్బుకు బదులు వేరే ఊళ్లో ఓపెన్ ప్లాట్ ఇస్తాం, పాత ఎంఓయూ, చెక్కులు తెచ్చి కన్వర్షన్ లెటర్ మీద సంతకం పెట్టండి అంటున్నారు. ఆ లెటర్‌లో 'ఇంతకు ముందు బాకీలేవీ లేవు' అన్న వాక్యం ఒకటి కింద చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం పెట్టకండి. కాగితాలు చూస్తామంటే జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరు అడిగినా చేతికివ్వకండి.