ఎడారీ, పగడాలూ ఒకే ప్రయాణంలో: కచ్ మేలా, జోర్డాన్ మేలా?

గుజరాత్ కచ్‌లోని ఉప్పు ఎడారి, తెల్ల రణ్‌లో కాలు పెట్టగానే మా అమ్మ వంగి, పెచ్చులా లేచిన ఉప్పును గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. "ఇదేటిరా, మన నౌపడ ఉప్పే కదా" అంది. చిన్నప్పటి నుంచి నౌపడ మడులు చూస్తూ పెరిగిన మనిషి. కానీ తలెత్తి చూశాక చాలాసేపు మాట్లాడలేదు. మడికి గట్టు ఉంటుంది. అక్కడ గట్టన్నదే లేదు, కనుచూపు మేరంతా తెలుపే.

ఆ మరుసటి ఏడాది మార్చిలో నేనూ మా బావా జోర్డాన్ వెళ్లొచ్చాం. వాదీ రమ్ ఎడారి, అకాబా సముద్రం. రెండూ గైడుతోనే. అప్పటి నుంచి శ్రీకాకుళంలో తెలిసినవాళ్లు ఏది మేలని అడుగుతూనే ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లో, నీళ్లంటే భయపడేవాళ్లో ఉంటే కచ్. పగడాల మీదే మనసుంటే జోర్డాన్. రెండింటి మధ్యా ఊగే వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎడారి సంగతి. కచ్‌లో ఇసుక తిన్నెలుంటాయని ఆశపడి వెళ్లొద్దు. వానాకాలంలో నీళ్లు నిండి, తర్వాత ఎండిపోయి, ఉప్పు పేరుకున్న నేల అది. భుజ్ నుంచి తెల్ల రణ్ అంచునున్న ధోర్డో ఊరు దాదాపు 80 కిలోమీటర్లు. డిసెంబరు, జనవరి మంచి నెలలు. వాదీ రమ్ పూర్తిగా వేరు. ఎర్ర ఇసుక, అందులోంచి నిటారుగా లేచిన రాతి కొండలు, వాటి సందుల్లో పరిగెత్తే జీపు. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాత్రి అక్కడి ఎడారి తెగ బెదూయిన్‌ల గుడారంలో పడుకున్నాం. వాళ్ల వంట 'జర్బ్' కళ్లారా చూడాలి. ఇసుకలో గొయ్యి తీసి, అడుగున నిప్పులు పోసి, మాంసం, కూరగాయలు అంతస్తుల పళ్లెంలో దించి, మూత పెట్టి పైన ఇసుక కప్పేస్తారు. తీసేటప్పుడు వచ్చే ఆ వాసనకు, కారం తక్కువని గొణిగే మా బావ కూడా రెండోసారి వడ్డించుకున్నాడు. శాకాహారులకు కచ్ రొట్టెలు, మజ్జిగ హాయి. కాకపోతే పప్పులో తీపి ఉంటుంది, ఆవకాయ సీసా వెంట ఉండాలి.

ఇక పగడాలు. నాకు అసలు తేడా కనిపించింది ఇక్కడే. గల్ఫ్ ఆఫ్ కచ్‌లో ఉన్నది మన దేశంలోనే మొదటి మెరైన్ నేషనల్ పార్క్, 1982 నాటిది. జామ్‌నగర్ నుంచి 60 కిలోమీటర్ల దూరంలోని నరారా దగ్గర ఈత అక్కర్లేదు, బోటూ అక్కర్లేదు. పాటు వేళ సముద్రం వెనక్కి పోతే, చీలమండ లోతు నీళ్లలో పగడపు దిబ్బ మీదే నడిచి వెళ్తాం. గైడు ఒక రాయి ఎత్తి చూపించాడు. కింద ఒక ఆక్టోపస్ రంగు మార్చుకుంటూ ముడుచుకుంది. చూశాక రాయిని మళ్లీ అలాగే బోర్లించాడు. నాకు ఆ జాగ్రత్త నచ్చింది. అడుగు ఎక్కడ వేయాలో కూడా అతనే చెప్పాడు, పగడం తొక్కితే చచ్చిపోతుందని. రాళ్లు కోసుకుపోతాయి కాబట్టి బూట్లు తప్పనిసరి. అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, నా పాత కేన్వాస్ బూట్లు వేసుకుని రెండు గంటలు నడిచింది.

కానీ ఒక రోజు మాకు వృథా అయింది. ప్యాకేజీ వాళ్లు పోటు, పాటు వేళలు చూసుకోకుండా మమ్మల్ని పోటు మీద తీసుకెళ్లారు. గట్టున నిలబడి నీళ్లు చూసి వచ్చేశాం. డబ్బు కట్టే ముందే "ఆ రోజు పాటు ఎన్ని గంటలకు?" అని అడగండి. జవాబు తడుముకుంటే వేరే వాళ్లను చూసుకోండి.

రంగుల విషయంలో మాత్రం నరారా అకాబాకు సాటి రాదు. కచ్ నీళ్లు కలకగా ఉంటాయి. అకాబాలో ఒడ్డు నుంచి కాస్త దూరం పోయి, కళ్లద్దాల మాస్కుతో మొహం నీళ్లలో పెడితే చాలు, ఊదా, నారింజ, పసుపు. వాటి మధ్య చేపలు. వేరే చోట్ల వేడికి పగడాలు తెల్లబడుతుంటే, ఈ వైపు పగడాలు ఎక్కువ వేడిని ఓర్చుకుంటున్నాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. 1985లో కావాలని ముంచిన సీడార్ ప్రైడ్ అనే ఓడ కూడా అక్కడే ఉంది, ఇప్పుడది పగడాలకు ఇల్లు. దిగలేని వాళ్లకు గాజు అడుగు బోట్లున్నాయి.

ప్రయాణం బడలిక చూస్తే, వాదీ రమ్ నుంచి అకాబాకు కారులో గంట. కచ్‌లో భుజ్ నుంచి జామ్‌నగర్‌కు గల్ఫ్ చుట్టూ తిరిగి రావాలి, పగలంతా దానికే పోతుంది. అయితే పూరీ–అహ్మదాబాద్ రైలు మన విజయనగరం మీదుగానే వెళ్తుంది. వీసా, విమానం టెన్షన్ లేదు. మన తీరం పల్లెల వాళ్లు వేరావల్ బోట్ల మీద పనికి పోతుంటారు కాబట్టి గుజరాత్ సముద్రం పేరు మనకు కొత్త కాదు.

ఖర్చు సంగతికి వస్తే, జోర్డాన్ దినారు మన నూరు రూపాయలకు పైమాటే. వెళ్లే ముందే జోర్డాన్ పాస్ కొనుక్కుంటే, కనీసం 3 రాత్రులు ఉండేవాళ్లకు 40 దినార్ల వీసా రుసుము ఉండదు, రాతిలో చెక్కిన పాత నగరం పెట్రా ప్రవేశమూ అందులోనే. ఈజిప్టు సినాయ్‌లోనూ ఎడారి, పగడాలు రెండూ ఉన్నాయి. కానీ అక్కడిదాకా పోయి పిరమిడ్లు చూడకుండా రాలేం, అది వేరే ప్రయాణమే.

తేదీ ఎంచుకోవడానికి మాత్రం పంచాంగం చూడండి. కచ్‌కు పున్నమి మంచిది. వెన్నెల్లో ఉప్పు నేల మెరుస్తుంది, నరారాలో పాటుకు నీళ్లు బాగా వెనక్కి పోయేదీ అప్పుడే. వాదీ రమ్‌కు అమావాస్య దగ్గర వెళ్లండి, ఆకాశంలో చుక్కలు కిక్కిరిసి కనిపిస్తాయి.

మాఘ పున్నమికి అప్పనూ, గుంటలనూ తీసుకుని మళ్లీ నరారా వెళ్తున్నాం. అమ్మ ఆ కేన్వాస్ బూట్లు అప్పుడే కడిగి పెరట్లో ఆరబెట్టింది.