పిల్లాడి బుగ్గల మీద తెల్ల మచ్చలకి పెట్రోలియం జెల్లీ, నాలుగు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్తగా వచ్చిన ఏదో క్రీము గురించి కాదు. చలికాలం పెదాలు పగిలితే రాసుకుంటాం చూడండి, ఆ మామూలు పెట్రోలియం జెల్లీయే. మా బాబుకి ఐదేళ్లు, యూకేజీ. బుగ్గల మీద తెల్లగా పొడి మచ్చలు వస్తే నాలుగు నెలలుగా ఇదే రాస్తున్నాం. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను, ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద చెప్తా.

మే నెలంతా వాడు మా అమ్మవాళ్ల ఊళ్లో ఎండలోనే ఉన్నాడు. హనుమకొండ వచ్చాక బడి తెరిచిన రోజు, ఆటో కోసం గేటు దగ్గర నిలబడితే పొద్దుటి ఎండ చెంప మీద పడింది, అప్పుడు చూశాను. ఎడమ బుగ్గ మీద రూపాయి బిళ్లంత ఒకటి, కుడి పక్క రెండు, గడ్డం దగ్గర ఇంకోటి. అంచు ఎక్కడ మొదలైందో తెలియదు, పల్చటి సున్నం నీళ్లు పడి ఆరినట్టుంది. వేలితో తడిమితే గరుకుగా తగిలింది, సన్నగా పొట్టు లేచింది. దురద లేదు, నొప్పి లేదు, వాడికి అసలు పట్టింపే లేదు. టెన్షనంతా మాదే.

ఇక సలహాలు మొదలయ్యాయి. పక్కింటి ఆంటీ కాల్షియం తక్కువైందన్నారు. మా అత్తమ్మ కడుపులో పురుగులన్నారు, "మొన్నే కదా అత్తమ్మా బళ్లో మాత్ర వేశారు" అన్నా వినలేదు (ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకి పురుగుల మాత్ర ఆల్బెండజోల్ వేస్తారు, మావాడు ఫిబ్రవరిలో వేసుకున్నాడు). ఒక పెళ్లిలో దూరపు బంధువొకావిడ వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి "బొల్లి కాదు కదా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోతే మనిషి చేసే తప్పే నేనూ చేశాను. పొద్దున్నే మెడికల్ షాపుకి వెళ్లి ఫోన్లో ఫొటో చూపించాను. అతను అర నిమిషం కూడా చూడకుండా "ఫంగస్ మేడమ్, ఇది రాయండి" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. నాలుగు రోజులు రాశాను, పొట్టు పోయి నున్నగా అయింది, సంతోషించాను కూడా. తర్వాత చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ట్యూబు బల్ల మీద పెడితే ఆవిడ వెనక్కి తిప్పి చదివి, "ఇది ముఖానికి రాశారా అమ్మా?" అన్నారు. అందులో క్లోబెటసాల్ ఉందట, స్టెరాయిడ్లలో అన్నిటికంటే గట్టి రకం, దానికి తోడు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి కొట్టారు. ఇలాంటివి ముఖానికి పదే పదే రాస్తే చర్మం పల్చబడుతుంది, పైగా రంగు ఇంకా తగ్గుతుంది, అంటే దేనికోసం రాస్తున్నామో దాన్నే పెంచుకుంటాం. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ మనం అడుగుతాం, వాళ్లు ఇస్తారు.

డాక్టరు మందు కంటే ముందు చేసిన పరీక్షలు నాకు నచ్చాయి. గదిలో లైటు ఆపి ఊదారంగు దీపం పెట్టి చూశారు, బొల్లి అయితే ఆ వెలుగులో సుద్దముక్కలా తెల్లగా మెరుస్తుందట, వీడివి మెరవలేదు. తర్వాత వాణ్ని కళ్లు మూసుకోమని దూదిపోగుతో మచ్చల మీద తాకి "ఎక్కడ తగిలింది చెప్పు నాన్నా" అన్నారు, వాడు నవ్వుకుంటూ ప్రతిసారీ కరెక్టుగా వేలు పెట్టాడు. ఇది ఆట కాదు, స్పర్శ తెలియని మచ్చ అయితే కుష్ఠు అని అనుమానించాలి. చివరికి చీటీ మీద పిటిరియాసిస్ ఆల్బా అని రాశారు. మొదటి మాటకి మూలం తవుడు, రెండోదానికి అర్థం తెలుపు. తవుడులా పొట్టు రాలే తెల్ల మచ్చ, అంతే. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) కుటుంబంలో చిన్నది, మూడేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ, అంటుకోదు. చుట్టూ చర్మం ఎండకి నల్లబడుతుంది, పొడిబారిన చోట నల్లబడదు, అందుకే వేసవి సెలవులయ్యాక ఒక్కసారిగా బయటపడతాయి. మన చామనఛాయ పిల్లల్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

మందుగా హైడ్రోకార్టిసోన్ అనే తక్కువ పవరు స్టెరాయిడ్ కొద్ది రోజులకి రాసిచ్చి, "అసలు పని జెల్లీది, రోజూ రాయండి" అన్నారు. ఏ కంపెనీదని అడిగితే వాసన, రంగు కలపనిది ఏదైనా సరే అన్నారు. మా వీధి చివర కిరాణా కొట్లోనే వంద రూపాయల లోపు దొరికింది.

రాసే పద్ధతిలోనే ఉంది కిటుకంతా. మొదటి వారం పొడి ముఖం మీద పూసేదాన్ని, జిడ్డు తప్ప ఏమీ కాలేదు. జెల్లీ చర్మంలోకి నీళ్లు తేదు, ఉన్న నీళ్లని బయటికి పోనివ్వకుండా మూత వేస్తుంది. మూత కింద నీళ్లుండాలి కదా! స్నానం గోరువెచ్చని నీళ్లతో, అయిదు నిమిషాల్లో ముగించి, టవల్‌తో రుద్దకుండా అద్ది, ముఖం ఇంకా చెమ్మగా ఉండగానే బఠాణీ గింజంత తీసుకుని రెండు బుగ్గలకీ పల్చగా. రాత్రి పడుకునే ముందు ముఖం తడిపి మళ్లీ. ఇంకోటి, సున్నిపిండి ఆపేశాం. ఆదివారం ఆదివారం అత్తమ్మ నువ్వుల నూనె పెట్టి, సున్నిపిండితో బుగ్గలు ఎర్రబడేదాకా రుద్దేవారు, ఆ పిండి ఉన్న కాస్త జిడ్డునీ గీకేసేది. ఆవిడకి నచ్చజెప్పడానికి పట్టిన టైము మచ్చలకి కూడా పట్టలేదు. ఇప్పుడు ఒంటికి మాత్రమే రుద్దుతారు, ముఖానికి ఒప్పందం కుదిరింది.

ఆన్‌లైన్‌లో ఇలాంటి జెల్లీలకి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు చాలామంది "రెండు వారాలైనా తెలుపు పోలేదు" అని రాస్తున్నారు. పోదండీ. గరుకు, పొట్టు మాకు పది రోజుల్లో తగ్గాయి, జెల్లీ చేసే పని అక్కడితో అయిపోయింది. రంగు చర్మం తనంతట తాను తెచ్చుకోవాలి, దానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. రోజూ చూస్తుంటే ఏమీ తెలియదు కాబట్టి పదిహేను రోజులకోసారి అదే కిటికీ దగ్గర, అదే టైముకి ఫొటో తీశాను. ఆగస్టు ఫొటోలో కుడి బుగ్గవి కలిసిపోయాయి, గడ్డం దగ్గరది దసరాకి పోయింది. ఎడమ బుగ్గది ఇప్పటికీ వెతికితే కనిపిస్తుంది.

ఇక కోసిన మార్కు. జిగట. "మమ్మీ, మొఖానికి వెంట్రుకలు అంటుకుంటున్నయ్" అని మావాడు రోజూ గొడవ. బడికి రాసి పంపితే మధ్యాహ్నానికి దుమ్మంతా బుగ్గల మీదే, తెల్ల చొక్కా కాలరుకి జిడ్డు మరక, అది మామూలు సబ్బుకి వదలదు. ఉక్కగా ఉన్న రోజుల్లో మెడ దాకా రాస్తే చెమటకాయలు లేచాయి, కాబట్టి మచ్చలున్న చోటికే. పైగా ఇది ఎండని ఆపదు. పొద్దున జెల్లీ మానేసి పిల్లల జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30ది, రాయడం మొదలుపెట్టాక ఈ గొడవలు సగం తగ్గాయి. జెల్లీ సాయంత్రం స్నానానికి, రాత్రికి.

సెరమైడ్ (చర్మంలో మామూలుగా ఉండే ఒక రకం కొవ్వు) కలిపిన లోషన్ కూడా ఒక నెల వాడి చూశాను. జిగట లేదు, వాడికి నచ్చింది, పగలు రాయడానికి అదే సుఖం. కానీ ధర ఐదారు రెట్లు, ఫలితంలో నాకైతే తేడా కనిపించలేదు. డబ్బుంటే పగటికి అది కొనండి, లేకపోతే బాధపడక్కర్లేదు.

మచ్చ పాలలా తెల్లగా ఉండి అంచు గీత గీసినట్టుంటే, పెదాల చుట్టూ, వేళ్ల చివర వస్తే, అక్కడి వెంట్రుకలు తెల్లబడితే, తాకినా తెలియకపోతే ఈ జెల్లీతో కూర్చోకండి, ముందు చర్మం డాక్టరుకి చూపించండి.

డబ్బా నాలుగు నెలలు వస్తుందనుకున్నాం, రెండున్నర నెలలకే అడుగు కనిపించింది. పిల్లాడి బుగ్గలు అంత తినవు కదా అని చూస్తే, వాళ్ల నాన్న రోజూ రాత్రి మడమల పగుళ్లకి పట్టిస్తున్నారు, అవే వేళ్లు అదే డబ్బాలో పెట్టి. ఈసారి రెండు డబ్బాలు కొన్నాను, ఒకదాని మూత మీద వాడి పేరు రాశాను.