కుటుంబం పేరిట ధర్మం: ట్రస్టా, సెక్షన్ 8 కంపెనీయా?

చెన్నైలో స్థిరపడిన మన తెలుగు వ్యాపార కుటుంబాలు పెద్దవాళ్ల పేరిట ఏదైనా చెయ్యాలనుకోగానే ఆడిటర్‌ని అడిగే ప్రశ్న ఇదే: ట్రస్టు పెట్టాలా, సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద ధర్మకార్యాలకే పెట్టే, లాభాలు పంచుకోని కంపెనీ) పెట్టాలా? పన్ను వరకు చూస్తే రెండూ ఒకటే. రెండూ ఆదాయపు పన్ను శాఖలో నమోదు కావాలి, ఏటా ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు ఖర్చుపెట్టాలి. నగదు విరాళం 2,000 రూపాయలు దాటితే రెండిట్లోనూ దాతకు రాయితీ రాదు. కాబట్టి పన్ను చూసి నిర్ణయించకండి.

ట్రస్టు పెట్టడం సులువు. ట్రస్టు పత్రం (డీడ్) రాయించి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తే అయిపోతుంది. మహారాష్ట్రలోలా లెక్కలు చూసే ఛారిటీ కమిషనర్ తమిళనాడులో లేరు. ఆ సులువే తర్వాత మెడకు చుట్టుకుంటుంది. ‘నా తదనంతరం నా పెద్ద కుమారుడు, అతని తర్వాత అతని వారసులు మేనేజింగ్ ట్రస్టీగా ఉండవలెను’ అని డీడ్‌లో రాసేస్తారు. మూడో తరానికి ఒకరు అమెరికాలో ఉంటారు, మిగిలిన ఇద్దరికీ మాటలుండవు, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లే దొరకరు. సవరణకు వీలు రాసుకోకపోతే కోర్టు మెట్లెక్కాల్సిందే. మద్రాసు దాత పచ్చయ్యప్ప ముదలియార్ 1794లో పోయారు. ఆయన వీలునామా సొమ్ము కోర్టుల్లో నలిగి బడిగా తెరుచుకున్నది 1842లో.

సెక్షన్ 8 కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు చాలు గానీ ఏటా పని ఉంటుంది. ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం) అయిన 30 రోజుల్లో ఏఓసీ-4 (బ్యాలెన్స్ షీటు, లెక్కల ఫారం), 60 రోజుల్లో ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) వెయ్యాలి; ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. ఇది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. నేను మాత్రం కంపెనీ వైపు మొగ్గేది దీనివల్లే. ఆ బ్యాలెన్స్ షీటును కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. పలుకుబడి ఉన్న కుటుంబం బడో ఆసుపత్రో నడుపుతుంటే, సొంతవాళ్ల భవనానికి ఎంత అద్దె కడుతోందో జనానికి తెలియాలి. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా పిట్టి త్యాగరాయ చెట్టి గారు 1920లో థౌజండ్ లైట్స్ పేటలోని బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించింది కార్పొరేషన్ తీర్మానంతో. పిల్లవాడికి రోజుకు అణా మించరాదని అందులో రాసి ఉంది కాబట్టే ఆ లెక్క ఇవాళ్టికీ మనకు తెలుసు.

బోర్డులో కుటుంబసభ్యులు మూడో వంతు మించరాదని ఆర్టికల్స్‌లో (కంపెనీ నియమావళిలో) రాయించండి. కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే వాటిని మార్చడం కుదరదు. సభ్యుల్లోనూ బయటివాళ్లను చేర్చుకోవాలి, లేకపోతే ఏజీఎంలో ఓటు మళ్లీ ఇంట్లోవాళ్లదే.

ఇంట్లో ఎవరైనా ఎన్నికల్లో నిలబడుతుంటే, రూపం ఏదైనా సరే, ధర్మనిధి నుంచి పార్టీకి పైసా పోకూడదు. పన్ను మినహాయింపుకే ముప్పు. ఇవ్వాలనుకుంటే సొంత ఖాతా నుంచి చెక్కు ఇవ్వండి.

మూడో రూపం సొసైటీ; దానికి ఏడుగురు సభ్యులు కావాలి, కుటుంబ నిధికి అది అతకదు. సొమ్ము చిన్నదైతే ఇవేవీ వద్దు, నడుస్తున్న సంస్థకే ‘కార్పస్ నిమిత్తం’ (ఖర్చుపెట్టకుండా నిలవ ఉంచే మూలనిధి కోసం) అని లెటర్ రాసి ఇవ్వండి. ఆ మాట లెటర్లో లేకపోతే ఆ డబ్బు మామూలు విరాళాల్లో కలిసి ఖర్చైపోతుంది.