జాగ్రత్త: కొత్త రంగు పూసిన పాత ఎయిర్ సిలిండర్లు

విజయవాడ, గుంటూరులో 10 మీటర్ల షూటింగ్ పోటీల ఎయిర్ రైఫిల్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ల చేతికి మెడ దాకా నల్లరంగు కొట్టిన గాలి సిలిండర్లు వస్తున్నాయి. చెక్కి ఉండాల్సిన తయారీ నెల, సంవత్సరం ఆ రంగు కింద పూడిపోతాయి. గోటితో గీకి చూడండి. తేదీ దొరక్కపోయినా, అరగదీసినట్టున్నా, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. చాలా కంపెనీలు వీటికిచ్చే ఆయుష్షు పదేళ్లే. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి దిగనివ్వరు. పోటీ సంగతి అటుంచినా, గురిపెట్టినప్పుడు అందులోని 200 బార్ల (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) గాలి మీ ఎడమచేతి పక్కనే ఉంటుంది.

ప్రెజర్ దిగిందేమని అడిగితే అమ్మేవాళ్లది ఒకటే జవాబు: "చలికి తగ్గిందండీ". అందులో సగం నిజముంది కాబట్టే మోసపోతారు. ఇక్కడ 32 డిగ్రీల్లో 200 బార్లు నింపి డిసెంబరులో ఢిల్లీ తుగ్లకాబాద్ రేంజికి తీసుకెళ్తే, పొద్దున 8 డిగ్రీల్లో గేజి 184 దగ్గర నిలుస్తుంది. పది డిగ్రీలకు ఆరేడు బార్లు, అంతే. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ గాలిని ఒకే ఒత్తిడితో అందించే భాగం) బాగుంటే పెల్లెట్ (చిన్న గుండు) వేగం మారదు, షాట్లే కొన్ని తగ్గుతాయి. ముల్లు 160కి పడిందంటే అది చలి కాదు, లీకు.

దీన్ని ఇక్కడే తేల్చుకోవచ్చు, తూకంతో. గేజి వాతావరణాన్ని బట్టి ఊగుతుంది, బరువు ఊగదు. 200 సీసీ సిలిండర్‌లో 200 బార్ల దగ్గర పట్టే గాలి సుమారు 45 గ్రాములు. నింపి, బంగారం కొట్టు తూకంలాంటి 0.1 గ్రాము చూపే దానిమీద పెట్టి, మర్నాడు మళ్లీ తూయండి. గ్రాము తగ్గితే నాలుగు బార్లకు పైనే పోయినట్టు. ఒక రోజు ఆగనని అమ్మేవాడంటే కారణం మీకే తెలిసిపోతుంది.

తర్వాత నోరు కిందికి పెట్టి, డీగ్యాసింగ్ స్క్రూతో (సిలిండర్‌లో గాలి ఖాళీచేసే స్క్రూ) తెల్లకాగితం మీదికి మెల్లగా గాలి వదలండి. ఎర్రపొడి పడితే లోపల తుప్పు మొదలైనట్టే, నీటిచుక్కలు పడితే లోపల తేమ చేరినట్టే. (గబగబా వదిలితే లోహం చల్లబడి బయట చెమ్మ పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.) మన ఉక్కపోతలో, ఆరబెట్టే ఫిల్టర్ లేని చేతిపంపుతో ఒక్కసారి నింపితే పంపు లాక్కునే గాలిలో దాదాపు గ్రాము నీరుంటుంది. పంపు కొంత బయటికి వదిలినా మిగతాది సిలిండర్‌లోకే. చలిలో వాల్వు, రెగ్యులేటర్ మొరాయించేది దానివల్లే.

వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ నింపిస్తామంటే మాత్రం సిలిండర్ వెనక్కి తీసుకుని వచ్చేయండి. నూనె మరక తగిలినా పేలుతుంది. ఓ-రింగ్‌కి (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) సిలికాన్ గ్రీజు తప్ప బండి గ్రీజు పూయొద్దు.