గేమ్ డైరీ: నోట్‌బుక్కా, షీటా, సైటా?

ఆడే గేముల గురించి డైరీ రాసుకునే అలవాటు ఈమధ్య మనవాళ్ళలో బాగానే పెరిగింది. దాంతో నాకొచ్చే ప్రశ్న కూడా ఒకటే అయిపోయింది: "అన్నా, ఎందులో రాస్తే మేలు?" ఎస్వీయూ హాస్టల్ పిల్లలు అడుగుతారు, చిత్తూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి మరీ అడుగుతాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకసారి రాసి పడేస్తే పోతుందని ఇది. అసలు డైరీ ఎందుకు అనే వాదన ఇక్కడ లేదు. రాయాలని నిర్ణయించుకున్నవాళ్ళకే ఈ మాటలు.

పోటీలో గట్టిగా నిలబడేవి నాలుగు: లాంగ్ నోట్‌బుక్కు, గూగుల్ షీటు, ఆడిన గేముల చిట్టా పెట్టుకునే బ్యాక్‌లాగ్డ్ లాంటి సైటు, పీసీ గేములు అమ్మే స్టీమ్‌లోనే ఉన్న నోట్స్. మిగతావాటికి తలా ఒక మాట చాలు.

వీటిని పోల్చేటప్పుడు చాలామంది వెతుక్కోవడం ఎందులో సులువు, చూడ్డానికి ఏది బాగుంటుంది, ఏడాది చివర్లో ఏది గ్రాఫులు గీసిస్తుంది అని చూస్తారు. నా పరీక్ష వేరే. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి అది చెప్పకుండానే అర్థమవుతుంది. "దర్శనానికొస్తా ఉండాం, రెండ్రోజులుంటాం" అని ఫోనొస్తుంది. సిస్టమ్ ఉన్న గదిలోనే పరుపులు పడతాయి. వేసవి సెలవులు సరే, వైకుంఠ ఏకాదశి సరే, బ్రహ్మోత్సవాలైతే తొమ్మిది రోజులూ ఇల్లు సత్రమే. గుండ్లు కొట్టించుకున్న పిల్లకాయలు మన కుర్చీలో కూర్చుని గిరగిరా తిరుగుతుంటే గమ్మున చూస్తూ ఉండాలి. చివరికి వాళ్ళని రైలెక్కించి వచ్చి గేమ్ తెరిస్తే, మన హీరో ఏదో తలుపు ముందు నిలబడి ఉంటాడు. ఏ తలుపది? అక్కడికెందుకు పోయినాం? ఏ బటన్ నొక్కితే ఏమవుతుంది? ఏదీ గుర్తుండదు. "యాడికొచ్చి నిలిపేసినానో తెలీడంలా" అని మొదట్నుంచి మొదలుపెట్టేవాళ్ళు కొందరు, అన్‌ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు ఇంకొందరు. సగంలో ఆగిపోయిన గేముల్లో బాగాలేక ఆగినవి తక్కువ. ఈ విరామాల వల్ల ఆగినవే ఎక్కువ.

అందుకని నేను అడిగేది ఒకటే. మళ్ళీ కూర్చున్న రోజు డైరీ తెరిస్తే, తర్వాత చెయ్యాల్సిన పనేంటో అది చెప్తుందా లేదా?

ఆ లెక్కన నోట్‌బుక్కుకే నా ఓటు. ఎట్లా పనికొస్తుందో చూపిస్తాను. 2017లో ఆస్ట్రేలియా వాళ్ళు, టీమ్ చెర్రీ అనే చిన్న స్టూడియో, తీసిన హాలో నైట్ ఉంది కదా. దాని పేజీలో నేను రాసుకున్నది ఇది (జియో అంటే ఆ గేములో డబ్బు, స్లై అంగడివాడు):

"క్రిస్టల్ పీక్ దారంతా చీకటి. లాంతరు లేకుండా పోవద్దు. స్లై అంగట్లో ఉంది, 1800 జియో. నా దగ్గర 1140. ముందు జియో కూడబెట్టు. చస్తే జియో అక్కడే పడిపోతుంది, బాసుల జోలికి పోవద్దు. ఆపిన కారణం: విసుగు కాదు, అత్తావాళ్ళు వచ్చినారు."

ఇందులో ఒక్క ముక్క కూడా స్టీమ్ మనకు చెప్పదు. ఎన్ని గంటలు ఆడామో చెప్తుంది. అదీ గేమ్ పాజ్‌లో పెట్టి అన్నానికి పోయిన గంటని కూడా కలిపే చెప్తుంది. లాంతరు సంగతి, చేతిలో ఉన్న జియో సంగతి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ చివరి వాక్యం మనం రాసుకుంటేనే ఉంటాయి. విసుగొచ్చి ఆపిన గేముకీ, చుట్టాలొచ్చి ఆపిన గేముకీ చాలా తేడా ఉంది. నెల తర్వాత స్టీమ్ లైబ్రరీలో చూస్తే మాత్రం రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి.

నోట్‌బుక్కుకి ఇంకో బలం, అది గేముకి అడ్డం రాదు. మనలో చాలామందివి 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లు. ఫుల్‌స్క్రీన్ గేమ్‌లోంచి ఆల్ట్-ట్యాబ్ కొట్టి బ్రౌజర్ తెరిస్తే, తిరిగొచ్చేసరికి గేమ్ ఉంటుందో మూసుకుపోతుందో దేవుడికే తెలియాలి. ప్లేస్టేషన్ వాళ్ళకైతే ఆల్ట్-ట్యాబే లేదు. పుస్తకం కీబోర్డు పక్కన తెరిచి పడేసి ఉంటే లోడింగ్ స్క్రీన్ తిరిగే లోపల రెండు లైన్లు అయిపోతాయి. బాణం గుర్తు వెయ్యొచ్చు, మ్యాప్ గియ్యొచ్చు. గోడమీద కనిపించిన వింత గుర్తుల్ని ఉన్నవున్నట్టు దించుకోవచ్చు. షీటులో గడులుంటాయి గానీ బొమ్మ గీసే చోటేది? 1993లో మిస్ట్ అనే పజిల్ గేమ్ బాక్సులో ఖాళీ నోట్‌బుక్కు కూడా పెట్టి అమ్మారు. 2025లో వచ్చిన బ్లూ ప్రిన్స్ కూడా అదే జాతి. అందులో ఇంటి గదులు రోజుకొక రకంగా మారిపోతుంటాయి, ఒక గదిలో చూసిన ఆధారం ఎక్కడో ఇంకో గదిలో పనికొస్తుంది. కాగితం లేకుండా దాన్ని ఆడుతున్నామంటే జ్ఞాపకశక్తి మీద మనకి గొప్ప నమ్మకం ఉన్నట్టే.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. మన ఆలోచన తెలుగులో నడుస్తుంది, గేమ్ పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, తిట్లు మాత్రం అచ్చంగా చిత్తూరువి. పెన్నుతో రాస్తే ఈ మూడూ ఒకే లైన్లో ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేస్తాయి. టైపింగ్ అయితే మధ్యమధ్యలో కీబోర్డు మార్చుకోవాలి. ఆ బద్ధకానికే సగం డైరీలు నాలుగో రోజున ఆగిపోతాయి.

నోట్‌బుక్కు ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. వెతకడం కష్టం. దానికి మందు, చివరి రెండు పేజీలు ముందే వదిలిపెట్టి ఏ గేమ్ ఏ పేజీలో ఉందో రాసుకోవడం. అసలు ప్రమాదం అది కాదు, పాత పేపర్లవాడు. పండగ ముందు ఇల్లు సర్దేటప్పుడు అట్ట నలిగిన లాంగ్ బుక్కు అమ్మ కంటికి చదువైపోయిన రఫ్ బుక్కులాగే కనిపిస్తుంది. కిలోల లెక్కన తక్కెడలోకి పోతే తిరిగి రాదు. అట్ట మీద పెద్దక్షరాలతో 'పారేయవద్దు' అని రాయండి. నెలకోసారి పేజీలకి ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

గూగుల్ షీటు సంగతి. గేమ్ పేరు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, ధర, రేటింగ్ అని గడులు కట్టుకుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఏడాదిలో ఎంత తగలేశామో చివర్లో ఒక కూడికతో తేలిపోతుంది. ఎపిక్ స్టోరు 2018 డిసెంబరు నుంచి ఉచితంగా గేములు పంచుతూనే ఉంది. ఫ్రీగా వచ్చాయని మనం క్లెయిమ్ చేసి మర్చిపోయిన కొండకి షీటు తప్ప వేరే దిక్కు లేదు. అయితే షీటులో రాసే మనిషి కొన్నాళ్ళకి చీటీల లెక్క రాసే మనిషైపోతాడు. ఎవరెంత కట్టారు, ఇంకెంత బాకీ అన్నదే కనిపిస్తుంది. 'రిమార్క్స్' గడిలో నాలుగు మాటలు దాటితే పక్క గడి మింగేస్తుంది, కాబట్టి నాలుగు మాటలే రాస్తాం. "బాగుంది. కొంచెం లెంగ్త్ ఎక్కువ." దీన్ని పట్టుకుని నెల తర్వాత ఏ తలుపు తెరవాలి? ఇంకో చిక్కు స్పెల్లింగు. ఒకే గేమ్ పేరుని ఒకరోజు తెలుగులో, ఇంకోరోజు ఇంగ్లీషులో, మరోరోజు పొట్టి పేరుతో కొట్టామంటే, వెతుక్కోవడం సులువనే షీటు గొప్ప కూడా పోయినట్టే.

బ్యాక్‌లాగ్డ్ లాంటి సైట్ల దగ్గర మాత్రం ఒక సుఖం ఉంది. గేమ్ వివరాలన్నీ ఐజీడీబీ అనే పెద్ద డేటాబేస్ నుంచి వస్తాయి. పేరు కొడితే కవర్ బొమ్మతో సహా ప్రత్యక్షం. తేదీలవారీగా జర్నల్ ఉంది, రేటింగుకి చుక్కలున్నాయి, స్నేహితులేం ఆడుతున్నారో కనిపిస్తుంది. పూర్తయింది, పక్కన పెట్టాను, వదిలేశాను అని స్థితులు కూడా పెట్టుకోవచ్చు. ఇంతున్నా నాకు రెండు అభ్యంతరాలు. ఒకటి, నలుగురూ చూసేచోట రాసేటప్పుడు మనకి తెలియకుండానే రివ్యూ రాయడం మొదలుపెడతాం. "లాంతరు కొను" అని అక్కడ ఎవరు రాస్తారు? "వాతావరణ సృష్టిలో ఒక కళాఖండం" అని రాస్తాం. రెండోది, ఆ సర్వరు మనది కాదు. ఆడిన గంటలు లెక్కపెట్టి, స్క్రీన్‌షాట్లు దాచిపెట్టే ఎక్స్‌ఫైర్ 2015లో మూతపడింది. అదే పని చేసే రాప్టర్ 2017 సెప్టెంబరులో మూతపడింది. రెండూ ఒకప్పుడు లక్షలమంది వాడినవే. సైటులోనే రాయాలనుకుంటే నెలనెలా ఒక కాపీ మన దగ్గర కూడా ఉండేట్టు చూసుకోవాలి. అంత ఓపికే ఉంటే ఆ నెలంతా పుస్తకంలోనే రాయొచ్చు కదా అంటాన్నేను.

మొబైల్ గేములవాళ్ళు కూడా ఇది ఆలోచించుకోవాలి. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్ని నిషేధించినప్పుడు, ఎన్ని మ్యాచులు గెలిచామో చూపించే ఆ ప్రొఫైలే మనకి అందకుండా పోయింది. 2021లో దాని ఇండియా రూపం బీజీఎంఐ వచ్చింది, 2022 జులైలో స్టోర్లలోంచి మాయమైంది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఇట్లాంటి గేములకి పేజీలు నింపక్కర్లేదు. ఆ రాత్రి మ్యాపులోని పోచింకి ఊళ్ళో ఎవరితో కలిసి దూకారో, ఎవరు ఎవరిని రివైవ్ చెయ్యకుండా పారిపోయారో ఒక లైను రాసుకుంటే చాలు. హాస్టల్ ఖాళీ చేశాక ర్యాంకుకంటే చదవబుద్ధయ్యేవి అవే.

స్టీమ్ నోట్స్‌ది నా దృష్టిలో రెండో స్థానం, అదీ గౌరవంగానే. 2023లో ఓవర్‌లే కొత్తగా మార్చినప్పుడు వచ్చిందిది. షిఫ్ట్-ట్యాబ్ నొక్కితే గేమ్ మీదే చిన్న కిటికీ తెరుచుకుంటుంది, ఏ గేముకి రాసినది ఆ గేముకే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆల్ట్-ట్యాబ్ బాధ లేదు. పాత పేపర్లవాడి బెడదా లేదు. స్టీమ్ డెక్ (చేత్తో పట్టుకుని ఆడే మెషిన్) వాడేవాళ్ళకి, ఆడేవన్నీ స్టీమ్‌లోనే ఉన్నవాళ్ళకి నేను ముందు దీన్నే చెప్తాను. నాకు కుదరనిదల్లా ఏంటంటే, మా ఇంట్లో సగం గేములు ఎపిక్‌వి, కొన్ని మా బావమరిది ప్లేస్టేషన్‌లోవి. డైరీ మూడు చోట్ల ఉంటే అది ఏ చోటా లేనట్టే.

ఇక మిగిలినవి. ఫోన్లో నోట్స్ యాప్: చేతిలోనే ఉంటుంది గానీ, రాయడానికని ఫోన్ తీసినవాడు వాట్సాప్‌లోంచి బయటపడేసరికి పదిన్నరవుతుంది. తెరని ఫొటో తియ్యడానికి మాత్రం ఉంచుకోండి. హౌ లాంగ్ టు బీట్: గేమ్ మొదలుపెట్టే ముందు ఎన్ని గంటలు పడుతుందో చూసుకోవడానికి మంచిది, డైరీకి కాదు. వాయిస్ రికార్డింగ్: రాత్రి పన్నెండింటికి గదిలో ఒక్కడివే మాట్లాడుకుంటుంటే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారో మీరే చూసుకోండి.

కొన్ని గేములు డైరీ పని అవే చేసేస్తాయి. అవుటర్ వైల్డ్స్‌లో మన ఓడలోనే ఒక లాగ్ ఉంటుంది, ఏం కనుక్కున్నామో, ఎక్కడ ఇంకా మిగిలి ఉందో గీతలతో కలిపి చూపిస్తుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో ఆర్థర్ మోర్గాన్ తన పుస్తకంలో తనే రాసుకుంటాడు, బొమ్మలు కూడా గీస్తాడు. అట్లాంటి గేములకి 'ఎక్కడ ఆపాను' అన్నది రాయడం అనవసరం. మీకేమనిపించిందో రాసుకుంటే సరి.

నోట్‌బుక్కే అని తేల్చుకున్నవాళ్ళకి ఇంకో రెండు మాటలు. ఖరీదైన డైరీ కొనొద్దు, దాన్ని పాడుచెయ్యడానికి చెయ్యి రాదు. గాంధీ రోడ్డులో దొరికే మామూలు రూల్డ్ లాంగ్ బుక్కు చాలు. గేముకి రెండు పేజీలు వదలండి. ఆపిన ప్రతిసారీ తేదీ, ఎక్కడున్నాను, తర్వాత ఏం చెయ్యాలి, ఎందుకు ఆపాను అనే నాలుగే రాయండి. గేమ్ మూసేశాక కాదు, మూసే ముందే రాయాలి. మూశాక నిద్రొస్తుంది.

చిన్నప్పట్నుంచి ఆడినవన్నీ ముందు ఎక్కించాలా అని మా పిన్ని కొడుకు అడిగాడు. అక్కర్లేదన్నాను. నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులిచ్చి ఆడిన వైస్ సిటీకి తేదీలు ఎక్కడ్నుంచి తెస్తాం? ఇప్పుడు ఏది ఇన్‌స్టాల్ అయి ఉందో దాంతోనే మొదటి పేజీ మొదలుపెట్టమన్నాను. వాడు క్రికెట్ 07తో మొదలుపెట్టాడు.