కొండమీద మకామా, పార్వతీపురం నుంచి రాకపోకలా?

1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయిన తరువాత శ్రీకాకుళం ఏజెన్సీలో రగిలిన సాయుధ పోరు వంటి పరిస్థితిలో, అభివృద్ధి సంస్థకు రెండు దారులుంటాయి: సవర, జాతాపు గిరిజనుల గూడేల్లోనే మకాం పెట్టడం, లేదా పార్వతీపురంలో కార్యాలయం ఉంచుకొని స్థానిక కార్యకర్తల ద్వారా పని నడపడం.

మకాం ఉన్నవారికి అసలు సంగతులు కనిపిస్తాయి. సంతలో చింతపండు బుట్ట తూకానికి ఎక్కినప్పుడు షావుకారు వేలు త్రాసు పళ్లెం అంచున ఎక్కడ ఆనుతుందో, పాత అప్పు కింద కళ్లంలోనే ఎంత ధాన్యం కొలుచుకుపోతాడో పట్టణంలో తయారయ్యే నివేదికకు ఎక్కదు. ఆ పోరుకు మూలం కూడా భూమి, అప్పు, వెట్టే కదా. అయితే రాత్రి గుమ్మంలోకి ఎవరొచ్చి గంజి అడిగినా కాదనలేని చోట, తెల్లవారి పోలీసులకు జవాబు చెప్పవలసినదీ ఆ మకాం ఉన్నవారే; ఇంటింటి పేర్లు రాసుకున్న సర్వే పుస్తకం ఎవరి చేతిలో పడినా ముప్పే.

పట్టణం నుంచి నడిపితే ఉద్యోగులు క్షేమం. కానీ ప్రమాదం తగ్గదు, తక్కువ జీతానికి పనిచేస్తూ అందరికీ ముఖం తెలిసిన గూడెం కుర్రవాడి మీదికి మారుతుంది. దీన్ని భద్రతా విధానమనడం నాకు మింగుడుపడదు.

టీకాలు, విత్తనాల పంపిణీ రాకపోకలతోనే సాగిపోతాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పరం కాకుండా కట్టడి చేసిన 1/70 చట్టం ఉన్నా, కాగితాలు పట్టుకొని రెవెన్యూ కార్యాలయం చుట్టూ తిరిగే రైతుకు మాత్రం ఊళ్లో ఉండే మనిషే కావాలి.