కరెంట్ పోయినా ఆగని ట్రైనర్: జయపురంలో మూడు వానాకాలాలు

సైకిల్‌ను ఇంట్లోనే కదలకుండా నిలిపి తొక్కే ఇండోర్ ట్రైనర్ కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది వాట్లు, అంటే కాళ్లు పెట్టే బలాన్ని, ఎంత కరెక్టుగా చూపిస్తుందని. నేనూ అదే అడిగి కొన్నాను. కానీ మాది ఒడిశా కొరాపుట్ జిల్లా జయపురం. ఇక్కడ మొదట అడగాల్సింది, తొక్కుతుండగా కరెంట్ పోతే అది ఏం చేస్తుందని. ఆ ప్రశ్న దగ్గరికి రావడానికి నాకు రెండు ట్రైనర్లు పట్టాయి.

మా తాతగారు సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మాకు మందుల షాపు ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించాకే నాకు సైకిల్ తొక్కే తీరిక. ఎండాకాలం, చలికాలం ఆదివారాల్లో కొరాపుట్ ఘాటు ఎక్కుతాను. వానలు మొదలైతే మాత్రం లారీల మధ్య తడి రోడ్డు మీద రాత్రిపూట తొక్కే పని పెట్టుకోను. జూన్ నుంచి అక్టోబరు దాకా మేడమీద వెనక గదిలోనే.

మొదటిది వెనక టైరును రోలర్‌కు ఆనించి తొక్కే రకం. నా పెడళ్లలో ఆ వాట్లు కొలిచే పవర్ మీటర్ ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాణ్ని. మొదటి పది నిమిషాలు పెడల్ 190 వాట్లు అంటే అది 178 అనేది. టైరు వేడెక్కాక అదే 190కి 199 చూపించేది. టైరు చల్లగా ఉన్నప్పుడు రోలర్ మీద ఎక్కువ పట్టుకుంటుంది, వేడెక్కితే తేలిగ్గా తిరుగుతుంది. ట్రైనర్‌కు ఆ తేడా తెలియదు, చక్రం వేగం చూసి లెక్క కట్టేస్తుంది. ప్రతిసారీ గాలి ఒకే లెక్కకు కొట్టి, పది నిమిషాలు తొక్కి, ఆ తర్వాత చక్రాన్ని వేగంగా తిప్పి వదిలేసి కాలిబ్రేషన్ చేస్తే, అంటే కొలతను సరిచేస్తే, చాలావరకు దారికొస్తుంది. రాత్రి పదింటికి అంత ఓపిక ఉండాలి, అంతే.

రెండోది వెనక చక్రం తీసేసి చైనును నేరుగా ట్రైనర్‌కే తగిలించే బెల్టు రకం, బరువైన ఫ్లైవీల్‌ది, అంటే ఊపు నిలబెట్టే చక్రం ఉన్నది. చదును రోడ్డు మీద తొక్కుతున్న అనుభూతి అంత బాగా ఇచ్చినదాన్ని నేను ఇంకోటి చూడలేదు. పార్వతీపురంలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి ఇక జీవితంలో వేరేది కొననని చెప్పాను. ఆ మాట అన్నది ఫిబ్రవరిలో. జూన్ వచ్చింది.

ఈఆర్‌జీ మోడ్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 220 వాట్లు అని పెడితే కాళ్లు నెమ్మదించినా, వేగం పెంచినా ట్రైనర్ ఆ 220ని పట్టి ఉంచుతుంది. కరెంట్ పోయిన క్షణంలో నా దాంట్లో ఆ పట్టు మొత్తం పోయేది. కాళ్లు గాలిలో తిరిగినట్టు తిరిగేవి. అదైనా నయం. అర నిమిషంలో కరెంట్ తిరిగొస్తే అసలు బాధ అప్పుడు. కాళ్లు దాదాపు ఆగి ఉన్న సమయంలో 220 వాట్లు ఒక్కసారిగా పెడల్ మీద పడేవి. ఒక రాత్రి అలా పడి కుడి మోకాలు వారం రోజులు మెట్లు ఎక్కనివ్వలేదు.

ఇన్వర్టర్ లైన్ ఆ గదికి లాగించాను. కరెంట్ నుంచి బ్యాటరీకి మారే ఆ కన్నుమూసి తెరిచేంత ఖాళీకే ట్రైనర్ ఆగి మళ్లీ మొదలయ్యేది. మా ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ వెనక స్విచ్‌ను బ్యాటరీకి త్వరగా మారే యూపీఎస్ వైపు మార్చాడు. కొంత నయమైంది, పూర్తిగా కాదు. ఆ ఆగస్టులో ఒక పిడుగుల రాత్రి తర్వాత ట్రైనర్ లోపలి సర్క్యూట్ కార్డే పోయింది. పెట్టెలో పెట్టి విశాఖ దాకా బస్సులో పంపి, అక్కడి నుంచి ఇంకో ఊరు వెళ్లి, బాగై తిరిగొచ్చేసరికి నెలా పది రోజులు. వానాకాలం కోసం కొన్న వస్తువు వానాకాలంలోనే ఇంట్లో లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

తర్వాత విశాఖలో ఒకాయన దగ్గర టాక్స్ నియో 2టి అనే ట్రైనర్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. నిజం చెప్పాలంటే దాని ఖచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ ఒక శాతం అన్న మాట చూసే కొన్నాను. కాలిబ్రేషన్ అవసరం లేదన్నది రెండో కారణం. ఇందులో బెల్టు లేదు, బరువైన ఇనుప ఫ్లైవీల్ లేదు. అయస్కాంతాలు, తీగచుట్టలు ఉన్న మోటారే బ్రేకు. వైరు పెట్టకపోయినా పనిచేస్తుందని చదివాను కానీ పట్టించుకోలేదు.

మొదటి జూలైలో ఒక రాత్రి. ఇరవై నిమిషాల చొప్పున రెండు సెట్లు, 210 వాట్లు. రెండో సెట్‌లో పద్నాలుగో నిమిషం. బయట ఉరుము, వెంటనే లైటు పోయింది, ఫ్యాన్ పోయింది. పాత అలవాటు కొద్దీ మోకాలు కాపాడుకుందామని పెడల్ మీద ఒత్తిడి తగ్గించాను. కాలు జారలేదు. బరువు ఎక్కడిది అక్కడే ఉంది. ఫోన్‌లో అంకెలు 208, 211, 210 అని నడుస్తూనే ఉన్నాయి. కిందికి చూస్తే ట్రైనర్ అడుగు నుంచి నేల మీద పడే రంగు వెలుగు అలాగే ఉంది. చీకటి గదిలో అదొక్కటే దీపం.

అప్పుడు మా నాన్నగారి సైకిల్ గుర్తొచ్చింది. దానికి వెనక చక్రం పక్కన డైనమో ఉండేది. తొక్కినంతసేపు ముందు లైటు వెలిగేది, దిగితే ఆరిపోయేది. ఇదీ అంతే. నా కాళ్లు తిప్పే మోటారే కరెంట్ పుట్టించుకుని, ఆ కరెంట్‌తోనే తన బ్రేకును, బ్లూటూత్‌ను నడుపుకుంటోంది. మా అమ్మాయి టార్చి పట్టుకుని పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాన్నా, కరెంట్ పోయింది కదా, మరి ఆ లైటు ఎలా వెలుగుతోంది?"

"నేను తొక్కుతున్నాను కదమ్మా, అందుకు."

నమ్మలేదు. ఆపమంది. ఆపాను. కాసేపటికి వెలుగు పోయింది. మళ్లీ తొక్కితే వచ్చింది. అలా మూడుసార్లు చేయించింది. ఆ సెట్ అక్కడితో పోయింది కానీ నాకు ఏమీ అనిపించలేదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సర్దుబాట్లు చెప్పాలి. కరెంట్ లేనప్పుడు, రోడ్లను చూపించే సైక్లింగ్ యాప్‌లో దిగుడు వస్తే మోటారు తనంతట తాను చక్రాన్ని ముందుకు తోసే సదుపాయం పనిచేయదు. అంతకంటే పెద్దది, ట్రైనర్ ఆగకపోయినా ఫ్యాన్ ఆగుతుంది. జూలై గాలిలో తేమకు, ఫ్యాన్ లేని గదిలో 210 వాట్లు పది నిమిషాలకు మించి నాకు సాధ్యం కాలేదు. చెమట హ్యాండిల్ మీద నుంచి ధారగా కారింది. ట్రైనర్ కోసం లాగించిన ఇన్వర్టర్ లైన్‌కు ఇప్పుడు ఫ్యాన్ తగిలించాను. ఆ ఖర్చు వృథా కాలేదు.

రోడ్డు అనుభూతి గురించి మొదటి నెలలో అందరికీ గొప్పగా చెప్పాను. యాప్‌లో కంకర రోడ్డు వస్తే పాదాల కింద గరగరమని వణుకు వస్తుంది, నిజమైన వణుకే. ఇప్పుడు దాన్ని ఆపేసి ఉంచుతున్నాను. కింద గదిలో అమ్మ పడుకుంటుంది. మాది పాత స్లాబు, ఆ వణుకు కిందికి దిగుతుంది. వణుకు లేకపోతే ట్రైనర్ చప్పుడు కంటే చైను చప్పుడే ఎక్కువ. చదును మీద మాత్రం పాత బెల్టు ట్రైనర్ మోసుకెళ్లినట్టు ఇది మోసుకెళ్లదని మూడేళ్ల తర్వాత ఒప్పుకోవాలి.

ఎక్కుడులో తేడా తిరగబడుతుంది. కొరాపుట్ ఘాటు నాకు మలుపు మలుపూ తెలుసు. నిట్టనిలువు చోట ఒక తొక్కుకీ ఇంకో తొక్కుకీ మధ్య సైకిల్ చచ్చుబడుతుంది, పెడల్ పైకి వచ్చే చోట కాలు నెట్టాలి. బరువైన ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ చచ్చుబాటును దాచేస్తుంది. నియోలో ఆ ఊపును మోటారే లెక్కగట్టి ఇస్తుంది, వేగం తగ్గితే ఊపు కూడా తగ్గుతుంది. అక్టోబరు చివర మళ్లీ ఘాటు ఎక్కినప్పుడు, బెల్టు ట్రైనర్ కాలంలోలాగా మొదటి ఆదివారం తొడలు కొత్తగా నొప్పెట్టలేదు.

ఇక వాట్లు. పెడల్ మీటర్ 200 చూపిస్తే ఇది 195, 196 చూపిస్తుంది. చైను, పళ్లచక్రాలు కొంత తినేస్తాయి కాబట్టి ట్రైనర్ దగ్గర కాస్త తక్కువ రావడమే సబబు. నాకు నచ్చింది ఆ తేడా కదలకపోవడం. డిసెంబరు తెల్లవారుజామున స్వెట్టర్ వేసుకుని మొదలుపెట్టినా, మే నెల రాత్రి అయినా అదే నాలుగైదు వాట్లు. చైను మురికి పట్టినప్పుడు మాత్రం ఏడుకు వెళ్లింది. కడిగి నూనె వేస్తే తగ్గింది.

కొనమంటారా అని అడిగితే, నేను 68 కిలోల మనిషిని. స్ప్రింట్లు కొట్టను. అది 2200 వాట్ల వరకు పట్టగలదంటారు, నేను అందులో సగం కూడా చూడలేదు. అది ఇవ్వగల 25 శాతం ఎక్కుడు, అంటే వంద మీటర్లకు 25 మీటర్లు లేచే రోడ్డు, కూడా నా కాళ్ల పని కాదు. క్యాసెట్, అంటే చైను తగిలించే వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి, విడిగా కొనుక్కోవాలి. 21.5 కిలోలు కాబట్టి రోజూ తీసి పెట్టే ఇల్లయితే కష్టం. మా తమ్ముడి ఇంట్లో కరెంట్ అంతగా పోదు, అతను తొక్కేదీ చదును రోడ్డే. అందుకే బాగై వచ్చిన నా బెల్టు ట్రైనర్ అతనికి ఇచ్చాను, ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నాడు. కాకపోతే ఉరుము వినిపిస్తే ముందు ప్లగ్ తీసేయమని గట్టిగా చెప్పాను.